పైసా బడ్జెట్ లేని షార్ట్ ఫిల్మ్‌కి నటుల్ని వెతుక్కోవడం ఎలా (విజయనగరం, శ్రీకాకుళం వాళ్ల కోసం)

డబ్బులివ్వకుండా షార్ట్ ఫిల్మ్ తీసేటప్పుడు నటుడి దగ్గర మనం ముందుగా అడుక్కునేది అతని ఆదివారం. నటన తరవాత సంగతి. ఈ ఒక్క విషయం బుర్రలో పెట్టుకుంటే ఎవర్ని అడగాలి, ఎలా అడగాలి, ఎవరికి పెద్ద పాత్ర ఇవ్వాలి అన్నవి చాలావరకు వాటంతటవే తేలిపోతాయి. అద్భుతంగా చేసి రెండో రోజు ఫోన్ ఎత్తనివాడికన్నా, ఓ మోస్తరుగా చేసినా ఆరింటికి రమ్మంటే అయిదున్నరకే వచ్చి టీ కొట్టు దగ్గర నిలబడేవాడు మనకి హీరో. సగం తీసి వదిలేసిన సినిమా ఏ కుర్రాడి హార్డ్ డిస్కులోనైనా ఉంటే ఎందుకు ఆగిందో అడిగి చూడండి, ఎక్కువసార్లు వినిపించేది "వాడు మళ్లీ రాలేదన్నా" అనే.

అందుకని వెతకడం మొదలుపెట్టేముందు కథని ఒకసారి తిరగెయ్యండి. పాత్రలు ఎనిమిదుంటే నాలుగు చెయ్యండి, నాలుగుంటే మూడు చాలవా అని చూడండి. ఒక్కొక్క మనిషి పెరిగేకొద్దీ ఇంకొకరి డ్యూటీలు, ఇంకొకరి ఇంట్లో పెళ్లిళ్లు, ఇంకొకరి పరీక్షలు మన షెడ్యూల్లోకి వచ్చి కూర్చుంటాయి. అరవై ఏళ్ల పెద్దాయన పాత్ర రాసి క్లాస్‌మేట్ జుట్టుకి తెల్ల పౌడర్ కొట్టే పని మాత్రం పెట్టుకోవద్దు, అది ఫోన్ స్క్రీన్ మీద కూడా తెలిసిపోతుంది. నిజంగా అరవై ఏళ్లవాళ్లు మన ఊళ్లలో అరుగుల మీద కావలసినంతమంది ఉన్నారు, పైగా వాళ్లకి తీరిక ఉంటుంది. కలెక్టరు పాత్రకి మనిషి దొరక్కపోతే ఆ పాత్రని వీఆర్వోగా మార్చండి, కథ ఏమీ చచ్చిపోదు.

ఇక ఎక్కడ వెతకాలి అంటే, నా మాటకి విలువిస్తే, ముందు నాటకాలవాళ్ల దగ్గరికి వెళ్లండి. 'కన్యాశుల్కం' మొదటిసారి ప్రదర్శన అయింది విజయనగరంలోనే, 1892లో, జగన్నాథ విలాసినీ సభవాళ్లు ఆడారు. తరవాత్తరవాత జె.వి.సోమయాజులు గారు రెవెన్యూ శాఖలో ఉద్యోగం చేస్తూనే, తమ్ముడు రమణమూర్తి గారితో కలిసి అదే నాటకం ఆడారు. పగలు ఆఫీసు, రాత్రి రిహార్సల్, జేబులోంచి ఖర్చు. ఈ పద్ధతి మన దగ్గర కొత్తగా ఎవరికీ నేర్పక్కర్లేదు. ఇప్పటికీ పరిషత్తు నాటకాలు, అంటే పోటీ నాటకాలు, ఆడే టీచర్లు, బ్యాంకువాళ్లు, రిటైరైన గుమస్తాలు ఉన్నారు, పైసా తీసుకోకుండా వారాల తరబడి రిహార్సల్‌కి రావడం వాళ్లకి అలవాటే. మనకి కావలసింది సరిగ్గా ఆ అలవాటు.

విజయనగరంలో ఆనందగజపతి ఆడిటోరియంలో గానీ శ్రీకాకుళంలో బాపూజీ కళామందిర్‌లో గానీ నాటకం ఉందని తెలిస్తే టీమంతా వెళ్లి చివరిదాకా కూర్చోండి. మధ్యలో లేచి వెళ్లిపోయి, మర్నాడు "మీ నాటకం సూపరండీ" అంటే వాళ్లకి తెలిసిపోతుంది. నాటకం అయ్యాక హీరో వేషం వేసినాయన చుట్టూ ఎలాగూ జనం ఉంటారు. మీరు మేకప్ ఆయన దగ్గరికీ హార్మోనియం ఆయన దగ్గరికీ వెళ్లండి. ఎవరు టైముకి వస్తారు, ఎవరికి డైలాగ్ నిలబడదు, ఎవరు సాయంత్రం ఏడు దాటితే పనికిరారు, అన్నీ వాళ్లకి తెలుసు. మంచి టీ ఇప్పిస్తే చెప్తారు కూడా.

పల్లెల్లో అయితే అమ్మవారి పండగలకీ సంక్రాంతికీ పౌరాణిక నాటకాలు వేసేవాళ్లు, బుర్రకథ, జముకుల కథ చెప్పేవాళ్లు, తప్పెటగుళ్ల జట్లు ఉంటాయి. వీళ్లకి జనం ముందు బెరుకు అనేది ఉండదు. గుండెల మీద రేకు గుళ్లు కట్టుకుని గంటలకొద్దీ గెంతుతూ పాడేవాడికి కెమెరా ఓ లెక్కా? కాకపోతే కథ చెప్పేవాళ్లకి అచ్చుకొట్టిన డైలాగ్ ఇచ్చి పొల్లు పోకుండా చెప్పమంటే బిగుసుకుపోతారు. సందర్భం చెప్పి, "ఈ మాట మాత్రం ఎక్కడో ఓ చోట రావాలి, మిగతాది మీ ఇష్టం" అని వదిలెయ్యండి. మీరు రాసినదానికన్నా బాగుంటే ఒప్పేసుకోండి.

రంగస్థలంవాళ్లతో ఒక చిక్కుంది, గొంతు. చివరి వరసకి వినిపించాలని ఏళ్ల తరబడి సాధన చేసిన గొంతు అది, మూడడుగుల దూరంలో మైకు ఉంటే మనకి చెవులు పగులుతాయి. "ఓవర్ చేస్తున్నారండీ" అని మాత్రం అనకండి, అక్కడితో మనసు విరిగిపోతుంది. వాళ్లని స్టేజీ మీద కాకుండా వంటింట్లో గానీ వరండాలో గానీ కూర్చోబెట్టి, చేతికి ఏదైనా పని ఇచ్చి, చిక్కుడుకాయలు ఈనెలు తీయడమో చొక్కా గుండీ కుట్టడమో, పక్క గదిలో పసిపిల్ల నిద్రపోతోంది అనుకుని ఆ సీను చెప్పమనండి. ఫోన్లో తీసి వెంటనే చూపించండి. చాలామందికి ఆ ఒక్కసారి చూసుకోవడం చాలు, వాళ్లే తగ్గించుకుంటారు. తగ్గించలేనివాళ్లుంటే వాళ్లకి కేకలేసే పాత్ర ఇవ్వండి, ప్రతి ఊళ్లోనూ కేకలేసే పెద్దమనిషి ఒకడు ఉంటాడు కదా.

రెండో చోటు, రోజూ జనంతో మాట్లాడే ఉద్యోగాలవాళ్లు. బస్సు కండక్టరు, ఇన్సూరెన్స్ ఏజెంటు, ట్యూషన్ చెప్పే మేడమ్, గంటస్తంభం దగ్గర పూలమ్మే ఆవిడ. వీళ్ల చేత వీళ్ల పనినే చేయించండి. కండక్టరు పాత్రకి కండక్టరు దొరికితే టికెట్ చించే చెయ్యి ఎలా ఉండాలో మీరు చెప్పక్కర్లేదు. పలాస వైపు జీడిపప్పు పని నేపథ్యంలో కథ అయితే పిక్కలు కొట్టేవాళ్లే కూర్చుని పని చేస్తూ మాట్లాడాలి, కాలేజీ అమ్మాయిని కూర్చోబెడితే మొదటి పిక్కకే తెలిసిపోతుంది.

కాలేజీలు కూడా చూడండి. విజయనగరంలో 1919 నుంచీ ఉన్న మహారాజా సంగీత కళాశాల విద్యార్థులకి స్టేజీ కొత్త కాదు, ఎచ్చెర్ల వైపు అంబేడ్కర్ యూనివర్సిటీ, ట్రిపుల్ ఐటీ ఉన్నాయి. కుర్రాళ్లకి ఉత్సాహం ఎక్కువ, పరీక్షల షెడ్యూల్ ముందు అడగండి. రీల్స్ చేసేవాళ్లని పెట్టుకోవచ్చా అని చాలామంది అడుగుతుంటారు. పెట్టుకోవచ్చు, కానీ వాళ్ల రీల్ చూసి తీసుకోకండి. రెండు నిమిషాలు ఏమీ మాట్లాడకుండా బస్సు కోసం ఎదురుచూడమని చెప్పి తీయండి, అప్పుడు చూసి నిర్ణయించుకోండి.

అడిగేటప్పుడు వాట్సాప్‌లో "యాక్టర్స్ వాంటెడ్, ఇంట్రెస్టెడ్ పీపుల్ పింగ్ మీ" అని పడేస్తే వచ్చేవి హాయ్‌లే. అన్నీ తెలిసేలా రాయండి, ముఖ్యంగా డబ్బుల సంగతి మొదటే. ఇలా:

"పదిహేను నిమిషాల షార్ట్ ఫిల్మ్. యాభై దాటిన ఆవిడ ఒకరు, ఇరవై అయిదు లోపు అబ్బాయి ఒకరు కావాలి. తల్లీకొడుకుల కథ. షూటింగ్ గజపతినగరం దగ్గర, రెండు ఆదివారాలు, పొద్దున్న ఆరు నుంచి సాయంత్రం నాలుగు. డబ్బులు ఇవ్వలేం. బస్సు చార్జీ, టిఫిన్, భోజనం మావి. డబ్బింగ్‌కి ఇంకో పూట రావాలి. అనుభవం అక్కర్లేదు, మన యాస మాట్లాడాలి. ఎవరి దగ్గరా ఏ ఫీజూ తీసుకోం."

ఆ చివరి వాక్యం తప్పకుండా ఉండాలి. సినిమాల్లో ఛాన్స్ అని చెప్పి డబ్బులు గుంజేవాళ్ల గురించి వినని ఇల్లు లేదు, ఆ భయం మీ మెసేజ్ చదివేవాళ్లకీ ఉంటుంది.

ఆడిషన్ ఎక్కడ పెడుతున్నారన్నది మీరనుకునేదానికన్నా పెద్ద విషయం. లాడ్జి రూము వద్దు, స్నేహితుడి ఖాళీ ఫ్లాట్ కూడా వద్దు. స్కూలు వరండా, గుడి మండపం, తెలిసినవాళ్ల ఇంటి డాబా, పగటిపూట, నలుగురూ తిరిగే చోటు. స్కూలైనా గుడైనా ముందుగా అడిగి ఒప్పించుకోండి. టీమ్‌లో ఒక ఆడమనిషి ఉండి తీరాలి, లేకపోతే అక్కనో పిన్నినో బతిమాలి తీసుకురండి. అమ్మాయిలకి ఫోన్ చేసినప్పుడే "మీతో ఇంట్లోవాళ్లని ఎవరినైనా తీసుకురండి" అని మీరే చెప్పండి, వాళ్లు అడిగేదాకా ఆగొద్దు. ఇరవై మూడేళ్ల అమ్మాయి ఒప్పుకున్నా వాళ్ల నాన్నగారు ఒప్పుకోకపోతే షూటింగ్ రోజు పొద్దున్న ఫోన్ స్విచాఫ్ అవుతుంది. ఇది తప్పా ఒప్పా అన్న చర్చ వేరే, మన దగ్గర పరిస్థితి అది. ఇంటికెళ్లి కూర్చుని, "బాబాయిగారూ, కథ ఇది, అమ్మాయి పాత్ర ఇది, సాయంత్రం చీకటి పడేలోపు దింపేస్తాం" అని కథ మొత్తం చెప్పండి. దాచిపెట్టిన సీను ఏదైనా ఉంటే అదే తరవాత గొడవ అవుతుంది.

ఆడిషన్‌లో సినిమా డైలాగులు చెప్పించొద్దు, అనుకరణ వస్తుంది. మీ స్క్రిప్టులోంచి అర పేజీ ఇవ్వండి. ఒకసారి చెప్పనిచ్చి, తరవాత దానికి పూర్తిగా వేరేలా అడగండి, కోపంగా చెప్పినదాన్ని సిగ్గుపడుతూ చెప్పమనండి. మొదటిసారి ఎలా చేశాడన్నది పెద్ద లెక్కలోకి రాదు, మీరు చెప్పాక మారిందా లేదా అన్నదే చూడాలి. ఇంకొకటి, ఎదుటివాడు మాట్లాడుతున్నప్పుడు అతని ముఖం తీయండి. వింటున్నాడా, తన వంతు కోసం లెక్కపెట్టుకుంటున్నాడా అన్నది ఇట్టే తెలుస్తుంది. విననివాడు డైలాగ్ ఎంత బాగా చెప్పినా ఎడిటింగ్‌లో ఏడిపిస్తాడు.

నచ్చినవాళ్లని వెంటనే ఖాయం చెయ్యకండి. ఇంకోసారి, పొద్దున్న ఏడింటికి, రిహార్సల్ అని పిలవండి. ఎవరొచ్చారు, ఎవరు ఆలస్యమైతే ఫోన్ చేసి చెప్పారు, ఎవరు మర్నాడు "సారీ బ్రో" పెట్టారు, అదే అసలు ఆడిషన్.

యాస గురించి. తెరమీద మన యాస అనగానే నవ్వించే పాత్రకి తగిలించడం చూసి చూసి, ఇక్కడి కుర్రాళ్లు కూడా కెమెరా ముందు దాన్ని సాగదీసి వెటకారం చేసేస్తారు. లేదంటే ఉన్నట్టుండి టీవీ యాంకర్ భాషలోకి వెళ్లిపోతారు. డైలాగ్ పేపర్ లాగేసి, "ఇదే మాట మీ అమ్మతో ఎలా అంటావో అను" అనండి. "ఏటి బావూ, ఇంత పొద్దున్నే ఎక్కడికి ఎల్తన్నావు?" అని మామూలుగా వస్తే చాలు. అన్నట్టు పార్వతీపురం మాట, ఇచ్ఛాపురం మాట ఒకలా ఉండవు, ఒకే ఇంట్లో మనుషులుగా చూపించేవాళ్లని వీలైతే ఒకే వైపు నుంచి తీసుకోండి.

పిల్లలుంటే చట్టం ఉంది, చిన్న సినిమా కదా అని వదిలెయ్యొద్దు. పద్నాలుగేళ్లలోపు పిల్లల చేత సినిమా లాంటివాటిలో చేయించాలంటే జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టరు అనుమతి తీసుకోవాలి, తల్లిదండ్రుల అంగీకారం ఉండాలి. 2017లో సవరించిన బాల కార్మిక నిబంధనల ప్రకారం రోజుకి అయిదు గంటలకి మించకూడదు, విరామం లేకుండా మూడు గంటలు దాటకూడదు. ఇదంతా చూశాక ఆ పిల్లాడి పాత్ర కథకి నిజంగా కావాలా అని ఇంకోసారి ఆలోచించండి.

తేదీలు పెట్టేటప్పుడు క్యాలెండర్ పక్కన పెట్టుకోండి. విజయనగరంలో దసరా తరవాత పైడితల్లమ్మ జాతర, అంటే తొలేళ్ల సోమవారం, సిరిమాను మంగళవారం చుట్టుపక్కల ఎవరూ దొరకరు. ఊళ్లలో కోతలూ నూర్పులూ అయ్యేదాకా పెద్దవాళ్లని అడగడం దండగ. అక్టోబరు, నవంబరు తుఫాన్ల నెలలు, 2018లో తిత్లీ వచ్చింది అక్టోబరులోనే. సంక్రాంతికి మాత్రం హైదరాబాద్, విశాఖల్లో ఉద్యోగాలు చేసే మనవాళ్లంతా ఇంటికొస్తారు, భోగి ముందు రెండు రోజులు గానీ కనుమ వెళ్లాక గానీ పట్టుకోవచ్చు. ఎవరు జారిపోతారని మీకు అనుమానమో వాళ్ల సీన్లన్నీ మొదటి రోజే తీసెయ్యండి. వాళ్ల కాస్ట్యూమ్ ఉతికి మీ దగ్గరే ఉంచుకోండి. మధ్యలో క్షవరం చేయించుకోవద్దని రెండుసార్లు చెప్పండి, మగవాళ్లకి మూడుసార్లు.

డబ్బు లేదు సరే, భోజనం మాత్రం గట్టిగా పెట్టాలి. మధ్యాహ్నం రెండున్నరకి చల్లారిన పులిహోర పొట్లం ఇస్తే రెండో ఆదివారం మనిషి రాడు. టీమ్‌లో ఎవరి ఇంట్లోనైనా వండించి వేడిగా క్యారేజీ తెప్పించండి, పెద్దవాళ్లకి ముందు పెట్టండి, షుగర్ ఉన్నవాళ్లని టైముకి తిననివ్వండి. చార్జీలు వాళ్లు అడక్కుండానే వచ్చిన వెంటనే చేతిలో పెట్టండి. పేరు ఎలా రాయాలో, ఇంటిపేరుతోనా లేకుండానా, వాళ్లనే ఓ కాగితం మీద రాయించుకోండి. అదే కాగితం మీద, ఫలానా సినిమాలో ఇష్టపూర్వకంగా, పారితోషికం లేకుండా నటించాను, దీన్ని యూట్యూబ్‌లోనూ పోటీలకీ పెట్టుకోవచ్చు అని సంతకం కూడా. రేపు ఏదైనా డబ్బు వస్తే ఎలా పంచుతారో అక్కడే ఒక వాక్యం రాసెయ్యండి, స్నేహితులే కదా అనుకున్న చోటే పేచీలు వచ్చేది.

ఎంపిక కానివాళ్లకి ఫోన్ చేసి చెప్పండి, మెసేజ్ కాదు. వాళ్లలో సగంమందికి గుంపు సీనులో నిలబడటానికి అభ్యంతరం ఉండదు. ఇంకొంతమందిని ఇల్లు గానీ పశువుల శాల గానీ పాత స్కూటర్ గానీ షూటింగ్‌కి ఇస్తారేమో అడగండి, పాత్ర ఇవ్వకపోయినా ఇవి ఇచ్చేవాళ్లు మన దగ్గర చాలామందే ఉన్నారు.