లేజర్ లైట్ సోర్స్ పనితీరును పరీక్షించే విధానం

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, కొరాపుట్ ప్రాంతాల్లో ఫైబర్ లైన్లపై పనిచేసే తెలుగు టెక్నీషియన్లు లాస్ (దారిలో కాంతి తగ్గడం) ఎక్కువగా కనిపించగానే ముందు, రెండు ఫైబర్లను అతికిన చోటైన స్ప్లైస్‌నే అనుమానిస్తారు. అయితే ఘాట్ రోడ్డెక్కి ఆ అతుకులుండే పెట్టెను (జాయింట్ క్లోజర్) విప్పే ముందు, ఫైబర్‌లోకి లేజర్ కాంతిని పంపే చేతిలోని లైట్ సోర్స్ నిలకడగా ఉందో లేదో గదిలోనే చూసుకోవాలి. లాస్ అంటే సోర్స్ దగ్గర, లైన్ చివర తీసిన రెండు రీడింగుల మధ్య తేడాయే కనుక, సోర్స్ పవర్ కాస్త తక్కువగా ఉన్నా నష్టం లేదు గాని, అది మారుతూ ఉంటే ఆ మార్పంతా లైన్ ఖాతాలో పడుతుంది.

సోర్స్ పంపే 1310, 1550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యపు కాంతి కంటికి కనిపించదు కాబట్టి సోర్స్ ఆన్‌లో ఉన్నప్పుడు కనెక్టర్‌లోకి చూడకూడదు. బ్యాటరీ నిండుగా ఉందని నిర్ధారించుకుని, కనెక్టర్ కొనలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోను, నూగు రాలని వైప్‌తోను శుభ్రం చేసి, ఒకటి రెండు మీటర్ల సింగిల్ మోడ్ ప్యాచ్ కార్డ్‌తో (రెండు కొనలా కనెక్టర్లున్న పొట్టి ఫైబర్ తీగ) సోర్స్‌ను కాంతిని కొలిచే పవర్ మీటర్‌కు కలపాలి. కొన ఏటవాలుగా ఉండే ఆకుపచ్చ ఏపీసీ కనెక్టర్‌ను, ఏటవాలు లేని నీలం యూపీసీ పోర్టులో పెడితే కొనలు సరిగా ఆనక లాస్ పెరుగుతుంది, వెనక్కి తిరిగిన కాంతి లేజర్‌ను అస్థిరం చేస్తుంది. మీటర్‌లో కూడా అదే తరంగదైర్ఘ్యం ఎంచుకోవాలి. ఫైబర్‌ను గుర్తుపట్టడానికి కాంతిని వెలిగించి ఆర్పే 270 హెర్ట్జ్ లేదా 2 కిలోహెర్ట్జ్ టోన్ ఆన్‌లో ఉంటే సగటు పవర్ దాదాపు సగమై, రీడింగ్ 3 డీబీ (డెసిబెల్) తగ్గుతుంది. సోర్స్ పాడైందన్న ఫిర్యాదుల్లో కొన్నింటికి ఆ బటనే కారణం.

అసలు పరీక్ష వేడితో ముడిపడి ఉంది. లేజర్ డయోడ్ వేడెక్కేకొద్దీ వెలగడానికి ఎక్కువ కరెంట్ అడుగుతుంది, ఫాబ్రీ-పెరో అనే లేజర్ రకంలో తరంగదైర్ఘ్యం కూడా డిగ్రీకి సుమారు 0.4 నానోమీటర్ల చొప్పున జరుగుతుంది. పుష్యమాసపు చలిలో కొరాపుట్ మంచులో తిరిగిన జీపు నుంచి తీసిన సోర్స్‌ను, ఎండాకాలంలో రాయగడలో బయట ఉంచిన సోర్స్‌ను వెంటనే నమ్మకూడదు. గది వేడికి అలవాటు పడనిచ్చి, ఆన్ చేశాక మాన్యువల్ చెప్పినంతసేపు, అది లేకుంటే 20 నిమిషాలు ఆగాలి. ఆ తర్వాత ప్యాచ్ కార్డ్‌ను కదపకుండా, 15 నిమిషాల పాటు నిమిషానికొక రీడింగ్ రాసుకుని, అత్యధికానికి, అత్యల్పానికి మధ్య తేడాను మాన్యువల్‌లోని స్థిరత్వపు హద్దుతో పోల్చాలి. మీటర్ పవర్‌ను డీబీఎంలలో చూపిస్తే, 0 డీబీఎం అంటే 1 మిల్లీవాట్ అని గుర్తుంటే చాలు.

తరువాత కనెక్టర్‌ను నాలుగైదు సార్లు తీసి పెట్టి చూడాలి. కదపకుండా ఉంచినప్పుడు నిలిచిన రీడింగ్ ఇప్పుడు మారుతోందంటే, తప్పు లేజర్‌ది కాదు, అరిగిన అడాప్టర్‌ది లేదా మాసిన కొనది.

తరంగదైర్ఘ్యాన్ని ఖచ్చితంగా కొలవడానికి స్పెక్ట్రమ్ అనలైజర్ కావాలి. అది లేకున్నా రెండు తరంగదైర్ఘ్యాలు వేరుగా వస్తున్నాయో లేదో చూడవచ్చు: మామూలు జీ.652 ఫైబర్‌ను పెన్సిల్‌కు ఒక చుట్టు చుట్టినప్పుడు 1310 కంటే 1550 దగ్గర లాస్ బాగా పెరగాలి. వంపును తట్టుకునే జీ.657 ఫైబర్‌తో ఈ పరీక్ష పనికిరాదు. 10 కిలోమీటర్ల ఫైబర్ డ్రమ్ దొరికితే ఇంకా మంచిది: 1310 దగ్గర సుమారు 3.5 డీబీ, 1550 దగ్గర సుమారు 2 డీబీ లాస్ రావాలి. 1310, 1550 బటన్లు రెండింటికీ ఒకే లాస్ వస్తే ఆ సోర్స్‌ను పక్కన పెట్టి, రాసుకున్న రీడింగులను, అప్పటి గది ఉష్ణోగ్రతను జతచేసి ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న కాలిబ్రేషన్ ల్యాబ్‌కు పంపాలి.