జీజెడ్34లో మెరుపులు ఎలా ఆగాయంటే

నా దగ్గరికి రిపేరుకొచ్చిన ట్యూబ్ ఆంప్‌లో (వాక్యూమ్ ట్యూబులతో పనిచేసే ఆంప్లిఫయర్) స్విచ్ వేసిన కాసేపటికి జీజెడ్34 రెక్టిఫైయర్, అంటే ఏసీని డీసీగా మార్చే ట్యూబ్, లోపల నీలంగా మెరిసి ఫ్యూజ్ పోయేది. కొత్త ట్యూబ్ పెట్టినా అదే తంతు.

విప్పి చూస్తే రెక్టిఫైయర్ తర్వాత డీసీని నునుపు చేసే మొదటి ఫిల్టర్ కెపాసిటర్ 220 మైక్రోఫారడ్‌లు ఉంది! ఈ ట్యూబ్‌కి గరిష్ఠం 60; అంతకు మించితే అది నిండేటప్పుడు ట్యూబ్‌లోంచి మరీ ఎక్కువ కరెంటు లాగుతుంది. పైగా ట్రాన్స్‌ఫార్మర్‌ని ఎవరో టొరాయిడల్‌గా (రింగు ఆకారం కోర్ ఉన్నది) మార్చారు. వైండింగ్ రెసిస్టెన్స్ బాగా తక్కువ, కరెంటుకి పగ్గమే లేదు. ఈ రెసిస్టెన్స్‌ని లెక్కేసేటప్పుడు సెకండరీ (ట్యూబ్ వైపు వైండింగ్) సగం ఒక్కటే చూస్తే చాలదు. ప్రైమరీ (మెయిన్స్ వైపు వైండింగ్) రెసిస్టెన్స్‌ని టర్న్స్ రేషియో (సెకండరీ సగం చుట్లు ÷ ప్రైమరీ చుట్లు) వర్గంతో గుణించి కలపాలి. చాలామంది వదిలేసేది ఇదే.

కరెంటుకి పగ్గం వేయడానికి రెక్టిఫైయర్‌కున్న రెండు ప్లేట్లలో (ఏసీ అందే ఎలక్ట్రోడ్లు) ఒక్కోదానికి 100 ఓమ్‌ల వైర్‌వౌండ్ రెసిస్టర్ వేశాను. ముందు 47 మైక్రోఫారడ్‌లు, తర్వాత చోక్ (కరెంటులో హెచ్చుతగ్గుల్ని అడ్డుకునే కాయిల్), పాత 220 దాని వెనక. మెరుపు ఆగింది, స్పీకర్‌లో గుయ్యిమనే హమ్ కూడా తగ్గింది. వోల్టేజీ కాస్త పడింది, పర్వాలేదు.

ఈ ట్యూబ్ బదులు సిలికాన్ డయోడ్లు పెట్టేయమన్నారు కొందరు. 350-0-350 సెకండరీకి (మధ్య నుంచి రెండు వైపులా 350 వోల్టుల ఏసీ) ఒక్కో డయోడ్ మీద రివర్స్‌లో దాదాపు 990 వోల్టులు పడతాయి. మామూలుగా వాడే 1ఎన్4007 డయోడ్ తట్టుకునేది 1000. సిరీస్‌లో రెండేసి పెట్టక తప్పదు. పైగా డయోడ్లకి వేడెక్కే పని లేదు కాబట్టి, మిగతా ట్యూబులు వేడెక్కి కరెంటు లాగకముందే 495 వోల్టులు వచ్చి పడతాయి, ఇందులోవేమో 450 వోల్టుల కెపాసిటర్లు. అందుకే జీజెడ్34నే ఉంచాను.