వైద్యంలో తప్పు జరిగిందనిపిస్తే – 3వ పాఠం: కేసు షీటు తెచ్చుకోవడం, చదవడం

రెండో పాఠంలో, జరిగినదంతా గుర్తున్నంతవరకు తేదీలతో, గంటలతో రాసి పెట్టుకోమని చెప్పాం. ఆ కాగితం దగ్గర ఉంచుకోండి. ఈసారి ఆసుపత్రి రాసుకున్నదేమిటో తెచ్చుకుందాం.

"డిశ్చార్జి సమ్మరీ ఉంది కదా, చాలదా?" అని చాలామంది అడుగుతారు. చాలదు. సమ్మరీ రాసేది అంతా అయిపోయాక, ఫలితం తెలిశాక. ఏ రాత్రి ఎవరిని పిలిచారో, వాళ్లు ఎప్పుడు వచ్చారో అందులో ఉండదు. కావలసింది పూర్తి కేసు షీటు. అంటే చేరిననాటి పరీక్ష వివరాలు, డాక్టర్ల రోజువారీ రాతలు, నర్సుల నోట్స్, నాడి, బీపీ, జ్వరం చార్టు, మందుల చార్టు, ఆపరేషన్ నోట్స్, మత్తుమందు రికార్డు, అంగీకార పత్రాలు, ల్యాబ్ రిపోర్టులు. ఐసీయూలో ఉంచి ఉంటే గంట గంటకూ నింపే చార్టు వేరుగా ఉంటుంది. దాన్ని పేరు పెట్టి అడగండి, లేకపోతే నకళ్లలో రాకపోవచ్చు.

ఇది ఆసుపత్రి దయతో ఇచ్చేది కాదు. భారత వైద్య మండలి 2002లో తెచ్చిన వృత్తి ప్రవర్తన నిబంధనల ప్రకారం, ఆసుపత్రిలో చేరిన రోగి రికార్డును చికిత్స మొదలైన నాటి నుంచి 3 సంవత్సరాలు భద్రపరచాలి. రోగి గానీ, రోగి తరఫున అధికారం ఉన్నవారు గానీ అడిగితే, అడిగినట్టు రసీదు ఇచ్చి, 72 గంటల్లో పత్రాలు అందించాలి. ఇవ్వకపోతే అది వృత్తిపరమైన దుష్ప్రవర్తన కిందికి వస్తుంది. కౌంటరు దగ్గర "పోలీసు లేఖ తెండి", "కోర్టు ఆర్డరు కావాలి" అంటే అలాంటి షరతు ఈ నిబంధనల్లో లేదని నెమ్మదిగా చెప్పండి. నెమ్మదిగా అనే మాట ఊరికే అనలేదు. ఆసుపత్రులపై దాడులను అరికట్టడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లోనే ప్రత్యేక చట్టం వచ్చింది. కోపంలో ఒక్క అద్దం పగిలినా అడిగే స్థానం నుంచి జవాబు చెప్పుకునే స్థానానికి జారిపోతారు.

నోటిమాటగా అడిగితే, అడిగినట్టు రుజువు ఉండదు. ఇలా రాసివ్వండి:

"మెడికల్ సూపరింటెండెంట్ గారికి. నేను (లేదా మా నాన్నగారు) ఫలానా ఐ.పి. (ఇన్‌పేషెంట్) నంబరుతో, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు మీ ఆసుపత్రిలో చికిత్స పొందాను (పొందారు). 2002 వృత్తి ప్రవర్తన నిబంధనల మేరకు, నర్సుల నోట్స్, మందుల చార్టు, ఐసీయూ చార్టు, మత్తుమందు రికార్డు, అంగీకార పత్రాలు సహా పూర్తి కేసు షీటు నకలును 72 గంటల్లో ఇవ్వగలరు. నకళ్ల ఖర్చు చెల్లిస్తాను. దయచేసి రసీదు ఇవ్వండి."

ఎందుకు అడుగుతున్నారో రాయనవసరం లేదు. తప్పు చేశారని ఈ లేఖలో ఆరోపించడం నా దృష్టిలో తొందరపాటు, దానికి వేరే రోజు ఉంది. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. తీసుకోకపోతే అదే లేఖను స్పీడ్ పోస్టులో పంపి, చేరినట్టు రుజువు దాచుకోండి. రోగి మరణించి ఉంటే మీ గుర్తింపు పత్రం, బంధుత్వం తెలిపే పత్రం జతచేయండి. ప్రభుత్వ ఆసుపత్రి అయితే సమాచార హక్కు చట్టం కింద కూడా దరఖాస్తు పెట్టవచ్చు, దానికి గడువు 30 రోజులు. ఇన్సూరెన్సు వాడుకుని ఉంటే, ఆసుపత్రి పంపిన పత్రాల నకళ్లను ఆ కంపెనీనీ అడగండి.

ఆలస్యం మాత్రం చేయకండి. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు గడువు సాధారణంగా 2 సంవత్సరాలే.

నకళ్లు చేతికి వచ్చాక ముందు పేజీలు లెక్కపెట్టి, మీరే నంబర్లు వేసుకోండి. తరువాత నాలుగు గడుల పట్టిక గీయండి: సమయం, ఎవరు రాశారు, ఏమి కనిపించింది, ఏమి చేశారు. డాక్టరు రాత అర్థం కాకపోతే కంగారు పడకండి, నర్సుల నోట్స్‌తో మొదలుపెట్టండి. అక్కడ ప్రతి వరుసకూ గంట ఉంటుంది. ఆ పక్కన మందుల షాపు బిల్లులు పెట్టండి. చేతిరాతను తరువాత దిద్దవచ్చు, కంప్యూటర్ బిల్లుపై అచ్చయిన సమయాన్ని దిద్దడం అంత తేలిక కాదు. రాత్రి 11 గంటలకు ఇచ్చినట్టు రాసిన ఇంజెక్షన్ మరునాటి ఉదయం బిల్లులో మొదటిసారి కనిపిస్తే, దాని కింద గీత గీయండి. వార్డులో నిల్వ ఉన్న మందు ముందు వాడి, బిల్లు తరువాత వేసి ఉండవచ్చు కూడా. అందుకే గీత గీయమన్నాను గానీ తీర్పు రాయమనలేదు.

అంగీకార పత్రంలో ఏ ఆపరేషన్‌కు సంతకం పెట్టారో చూడండి. సమీరా కోహ్లి కేసులో (2008) పరీక్ష కోసం చేసే లాపరోస్కోపీకి (చిన్న రంధ్రం ద్వారా కెమెరాతో కడుపు లోపల చూడడానికి) ఇచ్చిన సమ్మతిని గర్భసంచి తీసివేతకు సమ్మతిగా చూడడానికి సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ప్రాణాపాయం ఉన్నప్పటి సంగతి వేరు.

రెండు ఆసుపత్రులు మారి ఉంటే రెండింటి కాగితాలూ తెచ్చుకోండి. హైదరాబాద్‌కు చెందిన కిషన్‌రావు కేసు చూడండి. మలేరియా విభాగంలో పనిచేసే ఆయన 2002 జూలైలో చలిజ్వరంతో ఉన్న భార్యను ఒక ఆసుపత్రిలో చేర్చారు. అక్కడ టైఫాయిడ్‌కు చికిత్స చేశారు. పరిస్థితి విషమించి మరో ఆసుపత్రికి మార్చాక ఆమె మరణించారు. రెండో ఆసుపత్రి ఇచ్చిన మరణ ధ్రువపత్రంలో మలేరియా అని ఉంది. మొదటి ఆసుపత్రి తరఫు సాక్ష్యంలోనే మలేరియాకు చికిత్స చేయలేదనే మాట వచ్చింది. జిల్లా వినియోగదారుల ఫోరం ఇచ్చిన 2 లక్షల పరిహారాన్ని, నిపుణుడి అభిప్రాయం లేదంటూ పై కమిషన్లు తోసిపుచ్చాయి. 2010లో సుప్రీంకోర్టు దాన్ని తిరిగి నిలబెట్టింది. ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని చెప్పింది. కాగితాలే అంత స్పష్టంగా మాట్లాడని కేసులే ఎక్కువ, వాటిలో మరో డాక్టరు అభిప్రాయం లేకుండా ముందుకు కదలడం కష్టం.

అభ్యాసం. ఇది కల్పిత ఉదాహరణ, కడుపు ఆపరేషన్ అయిన రాత్రి:

10.30 – నర్సు: నాడి 92, బీపీ 120/80.
12.15 – నర్సు: నాడి 116, బీపీ 100/70. కడుపు నొప్పి అంటున్నారు. నొప్పి ఇంజెక్షన్ ఇచ్చాం.
2.00 – నర్సు: నాడి 132, బీపీ 84/50. డ్యూటీ డాక్టరుకు తెలియజేశాం.
5.40 – డాక్టరు: రోగిని చూశాను. రక్తం ఎక్కించాలి, సర్జన్‌ను పిలవాలి.

నాడి పెరుగుతూ బీపీ పడిపోవడం లోపల రక్తస్రావానికి సంకేతం కావచ్చు. మధ్యలో 3 గంటల 40 నిమిషాలు ఖాళీ ఉంది. ఇది నిర్లక్ష్యమేనని అప్పుడే అనకండి. డాక్టరు ఫోనులో సూచనలిచ్చారా? సెలైన్ వేగం పెంచారా? వేరే వార్డులో మరో ప్రాణాపాయం చూస్తున్నారా? చట్టం అడిగేది ఒక్కటే: ఆ స్థానంలో మామూలు నైపుణ్యం ఉన్న మరో డాక్టరు ఇలాగే చేసి ఉండేవారా? చికిత్స ఫలించకపోవడం, నిర్ణయంలో పొరపాటు పడడం వాటంతట అవి నిర్లక్ష్యం కావని జేకబ్ మాథ్యూ కేసులో (2005) సుప్రీంకోర్టు చెప్పింది.

ఈ ఉదాహరణకు మీరు అడగదలచిన ప్రశ్నలను మూడింటికి మించకుండా రాయండి. ప్రతిదానిలో ఒక సమయం, ఒక పేజీ నంబరు ఉండాలి. తరువాత మీ సొంత పట్టికకూ అదే చేయండి. నాలుగో పాఠంలో ఆ ప్రశ్నలతో మరో డాక్టరు దగ్గరకు వెళ్తాం.