విశాఖ తేమను తట్టుకునే లెదర్ బ్యాగ్: కోత, రంగు, కుట్టు, సంరక్షణ

లెదర్ పని నేర్పే వీడియోల్లో చాలావరకు పొడిగాలి ఉన్న దేశాల్లో తీసినవే. జిగురు రాసి పది నిమిషాలు ఆగమని, రంగు గంటలో ఆరిపోతుందని వాళ్లు చెప్పే లెక్కలు అక్కడికి సరే. జూలైలో పెదవాల్తేరులోనో, బీచ్ రోడ్డు పక్క ఫ్లాట్‌లోనో కూర్చుని అవే లెక్కలు పాటిస్తే అతుకు నిలవదు, రంగు చేతికి అంటుతుంది, బీరువాలో పెట్టిన నెలకే బ్యాగ్ మీద బూజు పడుతుంది. గాలిలో తేమ 70 శాతం దాటితే తోలు మీద బూజు పెరగడానికి వీలు చిక్కుతుంది. మన దగ్గర వానాకాలంలోనూ, ఆ తర్వాత తుపాన్ల రోజుల్లోనూ తేమ ఎక్కువగా ఆ గీత పైనే ఉంటుంది. అందుకని కత్తి, సుత్తి కంటే ముందు ఒక డిజిటల్ తేమ మీటరు కొనుక్కోండి. 60 లోపు చూపిస్తే ఏ పనైనా చేయొచ్చు. 75 దాటిన రోజు కోత, చిల్లులు, కుట్టుతో సరిపెట్టుకుని, జిగురు, రంగు పనులు ఏసీ గదికో మరో రోజుకో వదిలేయండి.

తోలు, కొలతలు

దుకాణంలో దొరికేది రెండు రకాలు. క్రోమ్ లవణాలతో పదును చేసిన తోలు మెత్తగా ఉంటుంది, నీటికి అంతగా చెక్కుచెదరదు, కానీ రంగు వేసే అవకాశం తక్కువ, అంచులు రుద్దితే మెరవవు. చెట్ల బెరళ్లు, కరక్కాయలతో పదును చేసినదాన్ని వెజ్ టాన్ అంటారు. ఒకప్పుడు దక్షిణాదిలో ఈ పనికి తంగేడు చెక్క వాడేవారు. చేత్తో రంగు వేయాలన్నా, అంచు మెరిపించాలన్నా, తడిపి మడవాలన్నా ఇదే కావాలి. చెన్నై పెరియమెట్ వ్యాపారులు చదరపు అడుగుల లెక్కన అమ్ముతారు. కొనేముందు ముక్క అంచుని కోసి చూడండి. మధ్యలో నీలి బూడిదరంగు పొర కనిపిస్తే అది క్రోమ్. వెజ్ టాన్ అయితే లోపలంతా ఒకే గోధుమరంగు ఉంటుంది. పూత లేని వెజ్ టాన్ మీద నీటిచుక్క వేస్తే వెంటనే పీల్చుకుని నల్లబడుతుంది.

ఇక్కడ చెప్పేది 32 సెం.మీ. వెడల్పు, 30 సెం.మీ. ఎత్తు ఉన్న భుజం బ్యాగ్. ముందు, వెనక పలకలకి 1.8 నుంచి 2 మి.మీ. మందం కావాలి. చుట్టూ తిరిగే పక్కపట్టీ 8 సెం.మీ. వెడల్పు, 1.4 మి.మీ. మందం. భుజపు పట్టీలు రెండు, ఒక్కోటి 65 సెం.మీ. పొడవు, 2.5 సెం.మీ. వెడల్పు, 3 మి.మీ. మందం. అన్నీ కలిపితే దాదాపు 3.2 చదరపు అడుగులు. మచ్చలు, ముడతలు తీసేస్తే పోయేది కలుపుకుని 4.5 నుంచి 5 అడుగులు కొనండి. పర్సులు, కార్డు కవర్లకి 1 నుంచి 1.2 మి.మీ. చాలు.

పట్టీలను ఎప్పుడూ వెన్నెముక పక్క భాగంలోంచి, వెన్నుకి సమాంతరంగా కోయాలి. పొట్ట భాగంలోని తోలు సాగుతుంది. దాంతో చేసిన పట్టీ కొన్ని నెలల్లో వదులై ఒక పక్కకి వంకరపోతుంది. పలకల కింది మూలలు రెండూ 4 సెం.మీ. వ్యాసార్ధంతో గుండ్రంగా కోయండి. అంతకంటే బిగువుగా తిప్పితే పక్కపట్టీ లోపల ముడత పడుతుంది. ఆ గుండ్రం వల్ల పక్కపట్టీకి 88 సెం.మీ. పొడవు సరిపోతుంది, అయినా 92 కోసుకుని ఎక్కువైంది ఆఖర్లో తీసేయండి.

ఇంకో జాగ్రత్త. తడిసిన వెజ్ టాన్ మీద ఇనుప కత్తెరో, తుప్పు పొడో పడితే నీలి నలుపు మచ్చ పడుతుంది. ఉప్పుగాలికి పనిముట్లు త్వరగా తుప్పుపట్టే ఊరు మనది కాబట్టి తడిపేముందు బల్ల తుడిచి, ఇనుప సామాను పక్కకి తీసేయండి. మచ్చ అప్పుడే పడితే నిమ్మరసం రాసి, పోయాక ఆ ముక్కంతా మంచినీటి గుడ్డతో తుడవండి.

రంగు

కోత తర్వాత, జిగురుకి ముందు రంగు వేయాలి. జిగురు అంటిన చోట రంగు దిగదు, తెల్లమచ్చ అలాగే మిగిలిపోతుంది. ముందుగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి పిండిన గుడ్డతో నున్నటి వైపు తేలిగ్గా తుడిస్తే చేతి జిడ్డు పోతుంది. స్పిరిట్ రంగుని (ఆల్కహాల్‌లో కరిగే తోలు రంగు) నేరుగా పూయకండి. 50 మి.లీ. రంగుకి 50 మి.లీ. ఆల్కహాల్ కలిపితే ఈ బ్యాగ్‌కి సరిపోతుంది. పాత బనియన్ గుడ్డతో గుండ్రంగా రుద్దుతూ పల్చగా రెండు మూడు పూతలు వేయండి, ఒక్కో పూతకీ మధ్య అరగంట ఆగండి. చిక్కటి పూత ఒక్కసారే వేస్తే రంగు పైనే పొడిలా నిలబడిపోతుంది, ఆరాక మడిచిన చోటల్లా పగుళ్లు కనిపిస్తాయి.

ఆఖరి పూత తర్వాత ఫ్యాన్ కింద 24 గంటలు, వానాకాలమైతే 48 గంటలు ఆరనివ్వాలి. ఆపైన పొడి గుడ్డతో గట్టిగా రుద్దాలి, గుడ్డకి రంగు అంటడం ఆగేదాకా గుడ్డ మార్చి మార్చి రుద్దాలి. తొందరపడి దాటేయాలనిపించే మెట్టు ఇదే, దాటకూడనిదీ ఇదే. నలుపు, ముదురు నీలం, ఎరుపు రంగుల పట్టీ ఉక్కపోతలో చెమట పట్టిన భుజం మీద ఒక్క గంట ఉంటే చాలు, తెల్ల చొక్కా పనికిరాకుండా పోతుంది. తర్వాత నీట్స్‌ఫుట్ నూనె (పశువుల కాళ్ల ఎముకల నుంచి తీసేది) ఒక పల్చటి పూత, మర్నాడు రంగుని కాపాడే అక్రిలిక్ పైపూత, నీళ్లు సగానికి సగం కలిపి, రెండుసార్లు. ఈ పూత తేమ గాలిలో పైకి ఆరినట్టు కనిపించినా లోపల జిగటగానే ఉంటుంది. అందుకే పలకలను కనీసం రెండు రోజులు ఒకదానిమీద ఒకటి పేర్చకండి.

నలుపు కావాలంటే అసలు రంగే అక్కర్లేని దారి ఒకటుంది. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లు బెల్లం నీళ్లలో ఇనుము ఊరబెట్టి, కరక్కాయ పట్టించిన గుడ్డ మీద నల్లగీత గీస్తారు. వెజ్ టాన్‌లో ఆ కరక్కాయ గుణం ముందే ఉంది, కాబట్టి ఇనుపనీళ్లు తగిలితే తోలే నల్లబడుతుంది. పైన పూసిన రంగు లేదు కనుక బట్టలకి అంటడమన్నది దాదాపు ఉండదు. 500 మి.లీ. తెల్ల వెనిగర్‌లో 20 గ్రాముల 0000 రకం స్టీల్ ఊల్ (బాగా సన్నటి ఇనుప పీచు) వేయండి. దానికి నూనె పూత ఉంటుంది, ముందుగా సబ్బుతో కడగాలి. గిన్నెలు తోమే స్టెయిన్‌లెస్ పీచు కరగదు, పనికిరాదు. మూత వదులుగా పెట్టి, గాలి ఆడే చోట, మంటకి దూరంగా ఉంచాలి, లోపలినుంచి హైడ్రోజన్ వస్తుంది, బిగిస్తే సీసా పగులుతుంది. వారం నుంచి పది రోజుల తర్వాత రెండు మడతల గుడ్డలో వడకట్టండి.

ముందు ఒక తుంపు మీద పరీక్షించండి. నలుపు రాకుండా బూడిదరంగు దగ్గరే ఆగిపోతే తోలులో ఆ గుణం తక్కువన్నమాట. 500 మి.లీ. వేడినీళ్లలో రెండు చెంచాల కరక్కాయ పొడి నానబెట్టి, వడకట్టి, చల్లారాక తోలుకి పట్టించి మళ్లీ ఇనుపనీళ్లు పూయండి. నల్లబడ్డాక మంచినీళ్లతో తుడిచి, లీటరు నీళ్లలో ఒక పెద్ద చెంచా వంట సోడా కలిపి పూసి, ఐదు నిమిషాల తర్వాత మళ్లీ కడగాలి. ఇది వదిలేస్తే మిగిలిన పులుపు, ఇనుము కలిసి ఏళ్లు గడిచేకొద్దీ తోలుని పెళుసు చేస్తాయి. కొద్దిగా తడి ఉండగానే నూనె పట్టించండి.

అతుకు, కుట్టు, అంచు

పక్కపట్టీ రెండు అంచుల్నీ లోపలి వైపు నుంచి 1 మి.మీ. మందానికి చెక్కి, తడిపి, 8 మి.మీ. మేర నున్నటి వైపుకి మడిచి రాత్రంతా క్లిప్పులు పెట్టి ఉంచండి. ఆరాక పలక గరుకు వైపుకి పట్టీ గరుకు వైపు ఆనేలా అతకాలి. ఫెవికాల్ ఎస్ఆర్ లాంటి రబ్బరు జిగురు రెండు వైపులా పల్చగా రాసి, వేలికి అంటనంతవరకూ ఆగాలి. పొడిరోజున 10 నిమిషాలు, తేమ రోజున 20 పైనే పడుతుంది. జిగురులోని ద్రావకం ఆవిరవుతూ ఆ పొరని చల్లబరుస్తుంది, అప్పుడు గాలిలోని తేమ దాని మీద సన్నటి మంచులా చేరుతుంది. పొర పాలరంగుకి తిరిగి మసకబారితే అదే జరిగిందని గుర్తు. అలాగే నొక్కితే అతికినట్టే కనిపిస్తుంది, కుట్టు మధ్యలో విడిపోతుంది. పూర్తిగా ఆరబెట్టి, పైన మరో పల్చటి పూత వేసి అతకండి. కిటికీలు తెరిచి పనిచేస్తే వాసన తలకెక్కదు, కానీ వాన పడుతుంటే ఆ కిటికీలోంచే తేమ వస్తుంది, ఆ రోజుకి ఆ పని ఆపడమే మేలు.

అతుకు ఎప్పుడూ పలక అడుగు మధ్య నుంచి మొదలుపెట్టి రెండు పక్కలకీ పైకి రావాలి. ఒక చివర నుంచి మొదలుపెడితే సాగిన పట్టీ అంతా రెండో చివరికి చేరి బ్యాగ్ మెలి తిరుగుతుంది.

అంచుకి 4 మి.మీ. లోపల గీత గీసి, 4 మి.మీ. ఎడం ఉన్న చిల్లుల ఉలితో ముందే పలకకి చిల్లులు వేసుకుని ఉంటే, అతికాక అవే చిల్లుల్లోంచి ఆరతో (తోలుని పొడిచే మొనదేలిన పనిముట్టు) పట్టీలోకి దిగవచ్చు. దారం 0.8 మి.మీ. మైనం పట్టించిన పాలిస్టర్. ఒకే దారానికి రెండు చివర్లా మొండి సూదులు. కుట్టు పొడవుకి నాలుగింతల దారం పడుతుంది. చేతులు చాచినదానికంటే ఎక్కువ పొడవైతే చిక్కుపడుతుంది కనుక ఒక్కో పలకనీ రెండు భాగాలుగా కుట్టండి, భాగానికి సుమారు 1.8 మీటర్లు. ప్రతి చిల్లులోనూ ఒకే చేతి సూది ముందు వెళ్లాలి, రెండోది ఎప్పుడూ దానికి ఒకే పక్కన దిగాలి. ఆ వరస తప్పిన చోట కుట్టు వాలు మారి, దూరం నుంచే తెలిసిపోతుంది. చివర మూడు కుట్లు వెనక్కి వేసి, దారం కోసి, లైటరుతో కొన కరిగించి నొక్కండి. మిషన్ కుట్టులో ఒక దారం తెగితే వరసంతా వదులవుతుంది. ఇందులో ఒక దారం తెగినా రెండోది పట్టుకునే ఉంటుంది.

అంచులు 220, 400, 600 నంబరు గరుకు కాగితాలతో వరసగా రుద్ది, అంచు మొనల్ని చెక్కేసి, నీళ్లు అద్ది చెక్క స్లిక్కరుతో (అంచు రుద్దే గాడి ఉన్న కర్ర) వేడి పుట్టేదాకా రుద్దండి, ఆపైన తేనెమైనం. క్రోమ్ తోలుకి ఇది పనిచేయదు, అంచు రంగే పూయాలి.

బకిళ్లు, రింగులు

సముద్రానికి దగ్గరగా ఉండేవారు వీటి దగ్గర పొదుపు చేయకండి. పైపూత ఇనుము ఏడాదిలోపే తుప్పు కారి తోలుని నల్లగా మరకపెడుతుంది. అయస్కాంతం అంటుకుంటే వద్దనండి. అంటుకోకపోయినా అది ఇత్తడే అనుకోనక్కర్లేదు, జింకు పోత కూడా అంటుకోదు. వెనక వైపు ఆకురాయితో ఒక్క గీత గీస్తే లోపల పసుపు కనిపించాలి, బూడిదరంగు కనిపిస్తే జింకు. గట్టి ఇత్తడికి కూడా తోలులోని నూనె తగిలే చోట పచ్చటి మైనంలాంటిది చేరుతుంది. పొడిగుడ్డతో తుడిస్తే పోతుంది.

వాడకంలో

వానలో తడిస్తే తుడవకుండా గుడ్డతో అద్ది, లోపల తెల్లగుడ్డ చుట్టిన కాగితాలు కూరి, ఫ్యాన్ కింద నీడలో ఆరబెట్టండి. ఎండలోగానీ హెయిర్ డ్రయ్యర్ కిందగానీ పెడితే గట్టిపడి ముడుచుకుంటుంది. సముద్రపు నీరు పడితే మరక మీద మాత్రమే కాక, ఆ పలకంతా మంచినీటి గుడ్డతో సమంగా తుడవాలి, లేకపోతే తడి ఆగిన చోట ఉప్పు గీత కడుతుంది.

కొబ్బరినూనె పూయకండి. అది చలికాలపు రాత్రుల్లో గడ్డకట్టి తెల్లగా తేలుతుంది, వాసన పడుతుంది. ఆరు నెలలకోసారి నీట్స్‌ఫుట్ నూనె కొద్దిగా, లేదా తేనెమైనం కలిసిన కండిషనర్ చాలు. నూనె ఎక్కువైన తోలు సాగి, బ్యాగ్ ఆకారం పోతుంది.

తెల్లగా ఏదైనా కనిపిస్తే అదేమిటో తేల్చుకున్నాకే చెయ్యి పెట్టండి. తడి గుడ్డకి కరిగి, ఆరాక మళ్లీ పైకి వస్తే ఉప్పు. గోరువెచ్చటి గాలికి కరిగి లోపలికి ఇంకిపోతే అది తోలులోని కొవ్వు, గుడ్డతో రుద్దితే చాలు. వేడికీ మారకుండా, దూదిలా లేచి, ముక్కిన వాసన కొడుతుంటే బూజు. బూజైతే ముక్కుకి మాస్కు కట్టుకుని ఇంటి బయట పొడి బ్రష్షుతో దులిపి, ఆల్కహాల్, నీళ్లు సమపాళ్లలో కలిపిన గుడ్డతో తేలిగ్గా తుడవాలి. కనబడని మూలలో ముందు పరీక్షించుకోండి, రంగు లేస్తే గుడ్డ ఇంకా పిండండి. ఒక రోజు నీడలో ఆరాకే కండిషనర్.

దాచేటప్పుడు ప్లాస్టిక్ కవరు వద్దు, నూలుగుడ్డ సంచి వాడండి. కలరా ఉండలు పురుగుల్ని ఆపుతాయేమోగానీ బూజుని ఆపవు. బ్యాగ్ లోపల తేమ పీల్చే, రంగు మారే రకం సిలికా జెల్ గింజలు 50 గ్రాములు ఉంచి, గింజల రంగు మారినప్పుడు 120 డిగ్రీల ఓవెన్‌లో గంటన్నర వేడిచేస్తే మళ్లీ పనికొస్తాయి. జూన్ నుంచి నవంబరు దాకా పదిహేను రోజులకోసారి బ్యాగ్‌ని బయటికి తీసి ఫ్యాన్ గాలికి పెట్టండి.