బ్రాడీపేట 4/2 తేదీగా మారితే

గుంటూరు బ్రాడీపేటలో 4/2 అంటే నాలుగో లైను, రెండో అడ్డరోడ్డు. ఎక్సెల్‌కి మాత్రం అది తేదీ! చిరునామాల సీఎస్‌వీ ఫైలును (కామాలతో విడదీసిన సాదా టెక్స్ట్) డబుల్‌క్లిక్ చేసి తెరిస్తే పోయినట్టే. ఆ గడిని తర్వాత టెక్స్ట్‌గా మార్చినా ఐదంకెల సంఖ్యే మిగులుతుంది. అసలు ఫైలును డేటా మెనూలోని ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’తో తెచ్చి, ‘ట్రాన్స్‌ఫామ్ డేటా’లో డోర్ నంబర్ కాలమ్‌ను టెక్స్ట్ చేశాను. అక్కడ ‘రీప్లేస్ కరెంట్’ నొక్కాలి. కొత్త స్టెప్‌గా చేర్చితే, ఎక్సెల్ అప్పటికే మార్చేసిన తేదీయే టెక్స్ట్ అవుతుంది.

ఒకే పేటకున్న రకరకాల స్పెల్లింగులను కలపడానికి, డేటాను శుభ్రం చేసే ఓపెన్‌రిఫైన్ వాడాను. అందులో ఫింగర్‌ప్రింట్ పద్ధతి కామాలు, ఇంగ్లిష్ పెద్ద-చిన్న అక్షరాలు, పదాల వరుస వంటి తేడాలే పడుతుంది. అక్షరం తేడాకి, ఎన్ని అక్షరాలు మారాయో లెక్కించే లెవెన్‌స్టైన్ లాంటి పద్ధతి కావాలి. కాకపోతే కొత్తపేట విజయవాడలోనూ ఉంది, గుంటూరులోనూ ఉంది. అందుకే ముందు పిన్ కోడ్‌లోని తొలి మూడంకెలతో 520 (విజయవాడ), 522 (గుంటూరు)గా విడదీసి, తర్వాతే కలిపాను.