న్యూరోసైన్స్ పీహెచ్‌డీలో చేరారా? డేటా సైన్స్ ఇలా మొదలుపెట్టండి

చేరిన కొత్తలో చాలామంది చేసేది ఒకటే, వరసపెట్టి కోర్సులు. ముందు పైథాన్, తర్వాత స్టాటిస్టిక్స్, ఆ తర్వాత మెషీన్ లెర్నింగ్ అనుకుంటారు, ఇంతలో ల్యాబ్ పని మీద పడుతుంది, నేర్చుకున్నది కాస్తా మర్చిపోతారు. దానికంటే జవాబు ముందే తెలిసిన ఒక ప్రశ్న తీసుకుని ఫైల్ డౌన్‌లోడ్ దగ్గర్నుంచి చివరి గ్రాఫ్ దాకా మొత్తం మీ చేత్తో మీరే చేయండి. జవాబు తెలిసినదైతే కోడ్‌లో తప్పు ఉన్నప్పుడు ఇట్టే దొరికిపోతుంది.

ఈఈజీ (తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు విద్యుత్ సంకేతాలను రికార్డు చేసే పద్ధతి) వాళ్లకు నేను చెప్పే ప్రశ్న ఇది: కళ్లు మూసుకుంటే తల వెనక భాగంలో ఆల్ఫా తరంగాలు (8 నుంచి 13 హెర్ట్జ్) పెరుగుతాయా? 1929లో మనిషి ఈఈజీ మీద తొలి పత్రం ప్రచురించిన హాన్స్ బెర్గర్ కాలం నుంచీ తెలిసిన సంగతే. డేటా ఫిజియోనెట్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంది. 109 మంది, 64 ఎలక్ట్రోడ్లు, ప్రతి మనిషికీ కళ్లు తెరిచి ఒక నిమిషం, మూసుకుని ఒక నిమిషం. పైథాన్‌లో ఈఈజీ లాంటి డేటా కోసం ఉన్న ఎంఎన్ఈ లైబ్రరీ ఇన్‌స్టాల్ చేసుకుంటే ఈ ఫైళ్లు తెచ్చే ఫంక్షన్ అందులోనే ఉంటుంది.

మొదట ఒక్క మనిషి ఫైల్ తెరిచి, ఏ లెక్కా చేయకుండా సిగ్నల్ చూడండి. ఇక్కడ తొందరపడొద్దు. ఎలక్ట్రోడ్ల పేర్ల చివర చుక్కలు కనిపిస్తాయి, వాటిని సరిచేయకపోతే 'ఓజెడ్' (తల వెనక మధ్యలో ఉండే ఎలక్ట్రోడ్) అని అడిగినా దొరకదు. విలువలు 0.00004 లాగా ఉంటే కంగారు పడకండి, ఎంఎన్ఈ ఈఈజీ విలువలను వోల్టుల్లో దాస్తుంది, అది 40 మైక్రోవోల్టులు. నుదుటి దగ్గర ఎలక్ట్రోడ్లలో ఉన్నట్టుండి పెద్దగా లేచేవి కనురెప్పపాట్లు. కరెంటు నాయిస్ మన దగ్గర 50 హెర్ట్జ్ కాబట్టి అలవాటుగా అదే ఫిల్టర్ పెట్టేస్తారు, కానీ ఈ రికార్డింగులు అమెరికావి, అక్కడ 60. శాంపిలింగ్ (సెకనుకు ఎన్నిసార్లు కొలిచారన్నది) చాలా ఫైళ్లలో సెకనుకు 160, కొన్నిట్లో 128, అందుకే ప్రతి ఫైల్లోనూ చెక్ చేసుకోండి.

తర్వాత వెల్చ్ పద్ధతిలో (సిగ్నల్‌ను ముక్కలు చేసి సగటు తీసే పద్ధతి) స్పెక్ట్రమ్, అంటే ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత బలం ఉందో చూపే గ్రాఫ్, గీయండి. కళ్లు మూసుకున్న రికార్డింగులో సాధారణంగా 10 హెర్ట్జ్ చుట్టుపక్కల గుట్టలా లేస్తుంది. అది కనిపించాకే లూప్ రాసి అందరికీ నడపండి. ఆల్ఫా పవర్‌కు (ఆ తరంగాల బలానికి) లాగరిథమ్ తీసుకుని మనిషికో గీత చొప్పున రెండు స్థితులనూ కలపండి, సగటు బార్ గ్రాఫుతో సరిపెట్టొద్దు. కొందరిలో గీత పైకి వెళ్లదు, వాళ్లను తీసేయకండి, కొంతమందికి ఆల్ఫా సహజంగానే తక్కువ.

ఇప్పుడు మెషీన్ లెర్నింగ్, అంటే సిగ్నల్ ముక్క చూసి కళ్లు తెరిచి ఉన్నాయో మూసి ఉన్నాయో మోడల్ చేత చెప్పించడం. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, పైగా మామూలు కోర్సుల్లో దీన్ని పైపైన చెప్పి వదిలేస్తారు. నిమిషాన్ని 2 సెకన్ల ముక్కలు చేస్తే ఒక్కో మనిషికి ఒక్కో స్థితిలో 30 వరసలు వస్తాయి, మొత్తం ఆరు వేలు దాటతాయి, చూడటానికి పెద్ద డేటాలా ఉంటుంది. కానీ ఉన్నది 109 మందే. వరసలన్నీ కలిపేసి ట్రైనింగ్, టెస్ట్ విడగొడితే ఒకే మనిషి ముక్కలు రెండు వైపులా పడతాయి, మోడల్ కళ్ల సంగతి వదిలేసి ఆ మనిషి రికార్డింగునే గుర్తుపట్టి మంచి స్కోరు తెచ్చేస్తుంది, కొత్త మనిషిని ఇస్తే తేలిపోతుంది. అందుకని పైథాన్ మెషీన్ లెర్నింగ్ లైబ్రరీ సైకిట్-లెర్న్‌లో గ్రూప్ కే-ఫోల్డ్ వాడి మనుషుల వారీగా విడగొట్టండి. రెండు విధాలా నడిపి స్కోర్లు పక్కపక్కన పెట్టి చూడండి. లేబుళ్లను (తెరిచిన, మూసిన అన్న గుర్తులను) కావాలనే కలగాపులగం చేసి కూడా నడపండి, స్కోరు 50 శాతం దగ్గరికి పడిపోవాలి. పడలేదంటే ఎక్కడో లీకేజీ ఉన్నట్టే, అంటే టెస్ట్ జవాబులు ట్రైనింగ్‌లోకి జారిపోతున్నట్టే.

మొదటి రోజు నుంచే కోడ్ గిట్‌లో (కోడ్‌లో చేసిన ప్రతి మార్పునూ భద్రపరిచే టూల్) పెట్టండి. థియరీలో ఎక్కడైనా ఆగిపోతే 2020లో మొదలైన న్యూరోమ్యాచ్ అకాడమీ పాఠాలు ఉచితమే, కావలసిన అధ్యాయం మాత్రం చదివి వెనక్కి రండి. ఇదంతా అయ్యాక మీ ల్యాబ్‌లో పాత రికార్డింగు ఒకటి గైడ్‌ను అడిగి తీసుకుని, ఇదే కోడ్ దాని మీద నడపండి, ఈసారి ఫిల్టర్ 50కి మార్చుకుని.