పాసవుట్ అయ్యానంటే డాక్టరుకి చూపించుకున్నావా అన్నారు: అమెరికాకి కొత్తగా వచ్చినవాళ్లకి

అమెరికాలో నా మొదటి టీమ్ లంచ్. కాలేజీ కబుర్లు నడుస్తుంటే నేనూ ఉత్సాహంగా "ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2012" అన్నాను. పక్కనున్న ఆవిడ ఫోర్కు కింద పెట్టేసి, ఇప్పుడు బాగానే ఉందా, డాక్టరుకి చూపించుకున్నావా అని అడిగింది. ఇక్కడ పాసవుట్ అంటే స్పృహ తప్పి పడిపోవడం. మనకేమో చదువు పూర్తి కావడం. బ్రిటిష్ సైన్యం వాడిన మాట అది. హైదరాబాద్ పోలీస్ అకాడమీ పాసింగ్ అవుట్ పరేడ్ వార్తలు చూస్తూ పెరిగిన మనకి అందులో తేడా ఏం కనిపిస్తుంది? ఇక్కడ మాత్రం "గ్రాడ్యుయేటెడ్" అనండి.

జావా గురించి గంటసేపు ఇంగ్లీషులో దంచేవాళ్లం కూడా గెట్, పుట్, టర్న్, పుల్ లాంటి పొట్టి మాటలకి అప్, ఆఫ్, అవుట్ తగిలిస్తే తెల్లమొహం వేస్తాం. విడగొట్టి అర్థం వెతకడం వల్ల వచ్చే తంటా ఇది. మన తెలుగు మాత్రం తక్కువ తిందా? నిద్రపోయినవాడు ఎక్కడికీ పోడు. పిల్లాడి మీద చెయ్యి చేసుకున్నాడంటే కొట్టాడని ఎవరూ మనకి విడమరిచి చెప్పక్కర్లేదు. పాలు తాగెయ్ అంటే గ్లాసు ఖాళీ చెయ్యమని. సరిగ్గా అక్కడే వీళ్లు "డ్రింక్ అప్" అంటారు. రాసిపెట్టుకో అనే చోట "రైట్ ఇట్ డౌన్". కాబట్టి రెండు ముక్కల్నీ కలిపి ఒకే మాటగా మింగెయ్యండి.

అన్నిటికంటే ముందు తెలియాల్సింది "పుల్ ఓవర్". కారు రోడ్డు పక్కకి తీసి ఆపడం. వెనక పోలీసు కారు లైట్లు వెలిగాయంటే మీరు చెయ్యాల్సింది అదే. మన ఊళ్లో అయితే బండి దిగి, కాగితాలు పట్టుకుని, సార్ సార్ అంటూ ఎదురెళ్తాం. ఇక్కడ పొరపాటున కూడా ఆ పని చెయ్యొద్దు. దిగమని ఆఫీసర్ చెప్పేదాకా సీట్లోనే కూర్చుని, చేతులు స్టీరింగ్ మీద కనబడేలా పెట్టుకోండి. లైసెన్స్ కోసం జేబులో చెయ్యి పెట్టేముందు కూడా చెప్పి పెట్టండి.

తర్వాత డాక్టరు దగ్గర. "త్రో అప్" అంటే వాంతి. "డిడ్ యూ త్రో అప్?" అని నర్సు అడిగితే, నేనేం విసిరాన్రా బాబూ అని ఆలోచించిన మొదటి మనిషిని నేనే అయ్యుండను. "బ్రేక్ అవుట్" అంటే ఒంటి మీద దద్దుర్లో మొటిమలో లేవడం, "వేర్ ఆఫ్" అంటే మందు ప్రభావం తగ్గిపోవడం. పన్ను పీకాక మత్తు ఎప్పుడు "వేర్ ఆఫ్" అవుతుందో చెబుతారు, అప్పటిదాకా బుగ్గ కొరుక్కోకుండా చూసుకోండి.

ఫారం దగ్గర మనం ఫిల్ అప్ అంటాం. ఇక్కడ అది "ఫిల్ అవుట్". ఫిల్ అప్ చేసేది పెట్రోలు ట్యాంకుని. పెట్రోలు అంటే కూడా ఇక్కడ గ్యాస్, అది వేరే గొడవ.

స్టూడెంట్లకి "టర్న్ ఇన్" అంటే అసైన్‌మెంట్ అప్పజెప్పడం, "టర్న్ డౌన్" అంటే వద్దనడం. ఆఫీసులో మాత్రం "లే ఆఫ్" తెలియకపోతే కష్టం. తప్పేమీ లేకపోయినా కంపెనీ ఉద్యోగంలోంచి తీసెయ్యడం అది. "లెట్ గో" అని మెత్తగా చెప్పినా ఉద్యోగం పోయినట్టే. హెచ్‌-1బీ వర్క్ వీసా మీద ఉన్నవాళ్లకి ఇంకో ఉద్యోగం చూసుకోవడానికో, దేశం వదిలి వెళ్లడానికో అక్కడినుంచి గరిష్ఠంగా 60 రోజుల గడువు, ఐ-94 (ఇక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) అంతకంటే ముందే ముగిస్తే అప్పటిదాకానే.

వ్యాకరణం ఒక్క ముక్క చెబుతాను. "పిక్ అప్ మీ" కాదు, "పిక్ మీ అప్". "టర్న్ ఆఫ్ ఇట్" కాదు, "టర్న్ ఇట్ ఆఫ్". ఇలా విడదీయగలిగే మాటల్లో మీ, ఇట్, దెమ్ లాంటివి మధ్యలోకి రావాలి. "లుక్ ఆఫ్టర్" లాంటివి మాత్రం విడిపోవు. "లుక్ ఆఫ్టర్ హిమ్" అనే అంటారు.

యాప్‌లో ఐదొందల మాటల లిస్టు పెట్టుకుని బట్టీ పట్టడం నా దగ్గర పని చెయ్యలేదు. విన్న చోటు, అన్న మనిషి, మొత్తం వాక్యం ఫోన్‌లో రాసుకున్నవే మిగిలాయి.

ఫోన్ అంటే గుర్తొచ్చింది. కస్టమర్ కేర్ వాళ్లు "హ్యాంగ్ ఆన్" అంటే లైన్లో ఉండమని. "హ్యాంగ్ అప్" అంటే ఫోన్ పెట్టెయ్యడం. గోడకి తగిలించే ఫోన్ల కాలంలో రిసీవర్ని కొక్కేనికి వేలాడదీసేవాళ్లు, అలా వచ్చిన మాట. మనం బల్ల మీది ఫోన్ పెట్టేశాం, ఇప్పటికీ పెట్టేస్తూనే ఉన్నాం. మా రూమ్మేట్ ఒకడు "హ్యాంగ్ ఆన్" వినగానే బుద్ధిగా ఫోన్ పెట్టేసి, వాళ్లే చేస్తారని సాయంత్రం దాకా ఎదురుచూశాడు.